భజన సభలో మొదలైన కార్మిక పాఠం

కార్మిక సంఘం తన సాధారణ నిధిని వేటికి ఖర్చు పెట్టవచ్చో 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం పదిహేనో సెక్షన్‌లో వరసగా రాసి ఉంది. ఆఫీసు ఖర్చులు, కోర్టు ఖర్చులు, ప్రమాదంలో దెబ్బతిన్న సభ్యుడికి సాయం, చనిపోయినవాడి అంత్యక్రియలు. వాటి నడుమే సభ్యుల చదువు, వాళ్ల బిడ్డల చదువు, కార్మికుల సమస్యలు చర్చించే పత్రిక కూడా ఉన్నాయి. ఏడుగురు కూలీలు కలిసి దరఖాస్తు పెట్టుకుంటే సంఘం రిజిస్టరవుతుందని చెప్పిన ఆ చట్టమే, బడి నడపడం కూడా సంఘం పనేనని ఒప్పుకుంది. చట్టానికి ఆమోదం దొరికింది 1926 మార్చి 25న. సరిగ్గా నూరేళ్లు నిండడానికి నాలుగు నెలల ముందు, 2025 నవంబరు 21న, పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చి దాని స్థానంలో కూర్చుంది. 1926 చట్టం పుట్టుకలో మదనపల్లె నుంచి మద్రాసు దాకా సాగిన ఒక కథ ఉంది. పలమనేరు, పుంగనూరు, కుప్పం పల్లెల నుంచి పొట్ట చేతబట్టుకుని పోయిన కూలీల బతుకూ ఆ దారినే నడిచింది.

అంతకు ముందటి శతాబ్దాల సంగతి పొడిపొడిగానే తెలుస్తుంది. పనీ చదువూ ఒక్క చోటే ఉండేవి. నేతగాడి కొడుకు మగ్గం గుంటలోనే నేర్చుకునేవాడు, కుమ్మరి కొడుకు సారె పక్కనే నేర్చుకునేవాడు. పని నేర్పడానికి ఇల్లు చాలింది గానీ, ఆ పనికి దక్కాల్సిన కూలి గురించి మాట్లాడుకోవడానికి వేరే చోటు కావలసి వచ్చింది. పగలంతా విడివిడిగా కష్టపడ్డవాళ్లు రాత్రి ఒకచోట కూర్చునే వీలు భజన గుడి, వీధి భాగవతం, హరికథ కల్పించాయి. 1863లో జేకబ్ చాంబర్లిన్ మదనపల్లెలో ఆర్కాటు మిషన్ కేంద్రం పెట్టాక చుట్టుపక్కల పల్లెల్లో మిషన్ బళ్లు వచ్చాయి. ఊరి బడి గడప తొక్కనివ్వని కులాల పిల్లలకు పలక, బలపం చేతికొచ్చింది అక్కడే. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడింది. ఉత్తర ఆర్కాటు నుంచి పలమనేరు, కడప నుంచి మదనపల్లె వచ్చి కలిశాయి. పుంగనూరు, కంగుంది జమీందారీలూ ఈ జిల్లాలోకే వచ్చాయి.

1915లో అనీబిసెంట్ మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల స్థాపించారు. రెండేళ్లు తిరిగేసరికి హోం రూల్ ఉద్యమం ఊపందుకుంది. 1917 జూన్‌లో మద్రాసు ప్రభుత్వం బిసెంట్‌నూ, ఆమె సహచరులు జి.ఎస్. అరండేల్, బి.పి. వాడియాలనూ ఉదకమండలంలో నిర్బంధించింది. దేశమంతా గగ్గోలు పుట్టడంతో సెప్టెంబరులో వదిలేసింది. మదనపల్లె కళాశాల ఆ రోజుల్లో సర్కారు కంట్లో నలుసైంది. 1919 ఫిబ్రవరి చివర్లో రవీంద్రనాథ్ ఠాగూరు అక్కడికి వచ్చి బస చేసి, జనగణమనను ఇంగ్లీషులోకి తర్జుమా చేయడం ఊరివాళ్లు నేటికీ గర్వంగా చెప్పుకునే ఘట్టం. అయితే కూలీల చరిత్రకు సంబంధించినంత వరకు అంతకు ఏడాది ముందే, ఆ దివ్యజ్ఞానుల్లో ఒకడైన వాడియా మద్రాసు పెరంబూరులో చేసిన పని ఎక్కువ లెక్కకు వస్తుంది.

నిజానికి ఆ పని వాడియా మొదలుపెట్టింది కాదు. పెరంబూరులో బిన్నీ కంపెనీవాళ్ల బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లులు ఉండేవి. వేలాది మంది తమిళులు, తెలుగువాళ్లు వాటిలో పనిచేసేవారు. పొద్దున ఆరింటికి గేటు లోపలికి పోయినవాడు దీపాలు పెట్టే వేళకు బయటపడేవాడు. మధ్యాహ్నం తిండికి ఇచ్చేది అరగంట. ఆ అరగంటలోనే చేతులు కడుక్కుని, సద్ది విప్పుకుని, తిని, మళ్లీ యంత్రం దగ్గర నిలబడాలి. ఆలస్యమైతే జీతంలో కోత. మేస్త్రీ చేయి చేసుకున్నా అడిగే దిక్కు లేదు.

మిల్లుల పక్కనే సెల్వపతి చెట్టియార్, జి. రామానుజులు నాయుడు అనే ఇద్దరు వ్యాపారులు ఉండేవారు. ఇద్దరూ వైష్ణవ భక్తులు. శ్రీ వెంకటేశ గుణామృత వర్షిణీ సభ అనే భజన సమాజాన్ని వాళ్లే నడిపేవారు. భజనలు జరిగేవి, పురాణ ప్రవచనాలు జరిగేవి. వినవచ్చినవాళ్లలో మిల్లు కూలీలే ఎక్కువ. ప్రవచనం ముగిశాక జనం వెంటనే లేచి పోయేవారు కాదు. మిల్లులో ఆ రోజు ఎవరికి దెబ్బ తగిలింది, ఎవరి జీతం కోసేశారు, ఎవరిని పనిలోంచి తీసేశారు అన్న మాటలు మెల్లగా మొదలయ్యేవి. దుకాణంలో అరువు పద్దు రాసే మనిషికి కూలీ ఇంటి బాధ దాచినా దాగదు. దేవుడి కథలు విన్నంతసేపూ విని చివర్లో కడుపు కథ చెప్పుకునే ఈ జనానికి లోకం తెలిసిన మనిషి ఎవరైనా చేయూతనివ్వాలని ఆ ఇద్దరికీ తోచింది. తిరు.వి. కల్యాణసుందరం లాంటి వక్తలను సభకు పిలిచారు. బిసెంట్ నడిపే ‘న్యూ ఇండియా’ పత్రిక ఆఫీసుకు నడిచి వెళ్లి వాడియాను కలిశారు.

1918 ఏప్రిల్‌లో వాడియా పెరంబూరు వచ్చాడు. బొంబాయి పార్సీ కుటుంబంలో పుట్టినవాడు. తమిళం రాదు, తెలుగు రాదు. ఇంగ్లీషులో మాట్లాడితే కల్యాణసుందరం తమిళంలో చెప్పేవాడు. ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్ ఏర్పడింది. సభ్యత్వ రుసుం, లెక్కల పుస్తకం, క్రమం తప్పని సమావేశాలతో నడిచిన తొలి కార్మిక సంఘంగా దేశ చరిత్రలో దీనికి పేరుంది. వాడియా అధ్యక్షుడు. కార్యదర్శులు ఆ ఇద్దరు వ్యాపారులే. ఉపాధ్యక్షుల్లో ఒకరు గుత్తి కేశవపిళ్లె. రాయలసీమ కరువు పల్లెల కష్టాన్ని ప్రభుత్వం ముందు పెట్టిన పాత్రికేయుడు, శాసన సభ్యుడు.

వారం వారం జరిగిన ఆ సమావేశాలు నిజమైన తరగతులు. వాడియా ప్రసంగాలు 1921లో ‘లేబర్ ఇన్ మద్రాస్’ పేరుతో పుస్తకంగా వచ్చాయి. చదివితే వాటిలో ఆవేశం కంటే బోధన ఎక్కువ కనిపిస్తుంది. గుమిగూడి అరవడానికీ, సంఘంగా కూర్చుని అడగడానికీ తేడా ఏమిటి, చందా ఎందుకు కట్టాలి, యజమాని దగ్గరికి ఎవరు వెళ్లాలి, వెళ్లినవాళ్లు తిరిగొచ్చి ఏం చెప్పాలి అన్నవి ఆ పాఠాలు. సమ్మె ఆఖరి ఆయుధమే తప్ప మొదటిది కాదని ఆయన పదే పదే చెప్పాడు. భోజన విరామం కొద్ది నిమిషాలు పెరగడం సంఘానికి దక్కిన తొలి గెలుపుల్లో ఒకటి. ఈనాడు వింటే చిన్నదిగా అనిపించవచ్చు. సద్ది నింపాదిగా తినడానికి నోచుకోని మనిషికి అది చిన్నది కాదు.

చరిత్ర పుస్తకాలు ఈ ఘనతనంతా వాడియా ఖాతాలో వేశాయి. అది న్యాయం కాదు. కూలీలు అప్పటికే నమ్మకంతో వచ్చి కూర్చునే చోటు ఒకటి ఉండబట్టే ఆయన మాటకు చెవులు దొరికాయి. ఆ చోటును ఏళ్ల తరబడి నిలిపింది సెల్వపతి, రామానుజులు.

అయితే ఆ సభకు ఒక లోటు ఉంది, దాన్ని దాచకూడదు. మిల్లుల్లో గొడవలు ముదిరాక అది బయటపడింది. 1920లో యాజమాన్యం కొన్నాళ్లు మిల్లులు మూసింది. డిసెంబరులో పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. కార్మికులను ఒప్పందం తప్పేలా పురికొల్పారంటూ బిన్నీ కంపెనీ హైకోర్టుకెక్కి వాడియా మీద నిషేధపు ఉత్తర్వు తెచ్చుకుంది. కార్మికోద్యమంతో తెగతెంపులు చేసుకుంటేనే కేసు వదులుతామంది. వాడియా తప్పుకున్నాడు. 1921లో మళ్లీ నెలల తరబడి సాగిన సమ్మెలో దళితులైన ఆది ద్రావిడ కార్మికుల్లో చాలామంది పనిలోకి వెళ్లారు. ఆ చీలిక పులియంతోపు అల్లర్లకు దారితీసింది, గుడిసెలు తగలబడ్డాయి. భజన సభలో కలిసి కూర్చున్నవాళ్లకు ఐకమత్యం పాఠం వచ్చింది. ఆ సభలో మొదటి నుంచీ చోటు సరిగా దొరకనివాళ్లకు అదే పాఠం ఎట్లా ఎక్కుతుంది?

వాడియా కేసు మాత్రం వృథా పోలేదు. సంఘం పెట్టినందుకు నాయకుడిని కోర్టుకీడ్చే వీలుంటే సంఘాలు బతకవని దేశమంతా గ్రహించింది. 1921 మార్చిలో కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి కేంద్ర శాసన సభలో సంఘాలకు చట్ట రక్షణ కోరుతూ తీర్మానం పెట్టారు. అయిదేళ్ల తర్వాత వచ్చిన చట్టమే పైన చెప్పిన 1926 చట్టం.

పెరంబూరులో మిగిలిపోయిన కుల ప్రశ్నను ఇంకోచోట కూలీలు ముందే చేతికెత్తుకున్నారు. కుప్పం నుంచి రైలెక్కి బంగారుపేటలో మారితే కోలారు బంగారు గనులు దగ్గరే. 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ తవ్విన ఆ గనుల్లోకి ఉత్తర ఆర్కాటు, చిత్తూరు ప్రాంతాల నుంచి దళిత కూలీలు తండోపతండాలుగా వెళ్లారు. తమిళులు ఎక్కువ, తెలుగువాళ్లూ తక్కువేం కాదు. దళిత మేధావి పండిత అయోత్తి దాసు స్థాపించిన శాక్య బౌద్ధ సంఘానికి అక్కడి మారికుప్పంలో శాఖ ఏర్పడింది. భూమి లోపల పగలూ రాత్రీ తేడా తెలియని పని చేసినవాళ్లు పైకొచ్చి పత్రిక చదివించుకుని విన్నారు. దాసు మరణం తర్వాత ఆయన ‘తమిళన్’ పత్రికను 1920లలో మళ్లీ వెలుగులోకి తెచ్చింది కూడా ఈ గనుల ఊరే. 1930లో కార్మికులంతా వేలిముద్రలు ఇచ్చి పేరు నమోదు చేయించుకోవాలని కంపెనీ హుకుం జారీ చేసింది. నేరస్తుల దగ్గర తీసుకునే ముద్రలు మా దగ్గరెందుకని కార్మికులు మూడు వారాల పాటు పనికి దిగలేదు. వెనుక గట్టి యూనియన్ ఏదీ లేకుండానే జరిగిన సమ్మె అది. మర్యాద గురించి ఏళ్ల తరబడి చదువుకున్న, మాట్లాడుకున్న ఊరు కాబట్టి జరిగిందనడం అతిశయోక్తి కాదు.

కోస్తాలో ఈ చదువు మరో దారి పట్టింది. ఎన్.జి. రంగా నిడుబ్రోలులో రైతు విద్యాలయం పెట్టి కార్యకర్తలకు అర్థశాస్త్రం చెప్పారు. 1937 మేలో ఒంగోలు దగ్గర కొత్తపట్నం సముద్రతీరాన సోషలిస్టులు వేసవి రాజకీయ పాఠశాల నడిపితే ప్రభుత్వం నిషేధించి పోలీసులను పంపింది. మరుసటి ఏడు మంతెనవారిపాలెంలో మళ్లీ పెట్టారు. ఆ పాఠశాలల్లో కూర్చున్న కుర్రాళ్లే తర్వాతి పదేళ్లలో వ్యవసాయ కూలీ సంఘాలకు వెన్నెముక అయ్యారు.

స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వమే ఈ బాధ్యత నెత్తికెత్తుకుంది. 1958లో నాగపూర్ కేంద్రంగా కార్మిక విద్యా బోర్డు ఏర్పడింది. ఇప్పుడది దత్తోపంత్ ఠేంగ్డీ పేరుతో నడుస్తోంది. విద్యాధికారులు కొందరు కార్మికులకు శిక్షణ ఇస్తారు, వాళ్లు తిరిగి తమ ఫ్యాక్టరీలో తోటివాళ్లకు చెప్తారు. ఏర్పాటు చక్కనిదే. కానీ ఫ్యాక్టరీ, హాజరు పట్టీ, యూనియన్ ఉన్నచోటే అది సాగింది. 1977 తర్వాత పల్లె కూలీలకూ విస్తరించినా, పలమనేరు పక్క పల్లెల్లో మట్టి బొమ్మలు చేసేవాళ్ల దాకా, నీరుగట్టువారిపల్లె పట్టు మగ్గాల దాకా అది చేరిన జాడ పెద్దగా కనబడదు.

అక్కడి నుంచి కథ ఒక్క దారిన నడవదు. 1990లలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం ఊరూరా రాత్రి బడి పెట్టింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో వాచకంలోని సీతమ్మ కథ చదివిన ఆడకూలీలు సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం కూలీల బిడ్డల కోసం చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బళ్లు నడిపి, ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు కార్డుల సాయంతో ఎవరి వేగంలో వాళ్లు నేర్చుకునే పద్ధతిని తీర్చిదిద్దింది. మరోపక్క 2001 ఫిబ్రవరి 28న కోలారు గనులు మూతపడ్డాయి. గుడుపల్లె మండలం చిగురుగుంట గని కూడా వాటితోనే ఆగింది. మూడు తరాలుగా నేర్చుకున్న సంఘం అలవాట్లు గని మూసిన రోజునే చెదిరిపోయాయి.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలయ్యాక పెరంబూరు పద్ధతికి దగ్గరగా వచ్చింది సామాజిక తనిఖీ ఒక్కటే. కూలీల ఇళ్ల నుంచే చదువుకున్న కుర్రాళ్లను ఎంచి, మస్టర్ రోల్ ఎలా చూడాలో, కొలతల పుస్తకం ఎలా చదవాలో నేర్పారు. వాళ్లు ఇంటింటికీ తిరిగి, జాబ్ కార్డు తెప్పించి, ఎన్ని రోజులు పనికి పోయావు, ఎంత చేతికొచ్చింది అని అడిగి రాసుకున్నారు. తర్వాత మండల ప్రజావేదికలో ఆ లెక్క బిగ్గరగా చదివారు. ఊళ్లో లేని మనిషి పేరుతో, పని చేయని రోజుకు కూలి పడ్డట్టు బయటపడితే, ఫీల్డ్ అసిస్టెంట్ అందరి ముందూ జవాబు చెప్పుకోవలసి వచ్చింది. వేలిముద్ర వేయడం తప్ప తెలియని ముసలమ్మ సైతం తన కార్డులో రాసిందేమిటో ఆ రోజు వినగలిగింది.

కుప్పం స్టేషన్‌లో తెల్లవారుజామున బెంగళూరు రైలెక్కే కట్టడపు కూలీలకు అలాంటి వేదిక లేదు. వాళ్లు కుప్పంలో నిద్రపోతారు, కర్ణాటకలో పనిచేస్తారు. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం పెట్టిన నియమం, 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలోకి కొత్త కోడ్‌లు వచ్చాక కూడా నిలిచింది: పద్దెనిమిది నుంచి అరవై ఏళ్ల లోపు వయసుండి, ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు రుజువు చూపిస్తే సంక్షేమ బోర్డులో సభ్యత్వం దొరుకుతుంది. కాన్పుకూ, పిల్లల చదువుకూ, ప్రమాదానికీ ఆ బోర్డు నుంచి సాయం అందుతుంది. రోజుకో మేస్త్రీ దగ్గర, రాష్ట్రం దాటి పనిచేసే మనిషికి ఆ 90 రోజుల రుజువు ఎవరు రాసిస్తారు, ఏ రాష్ట్రపు బోర్డుకు దరఖాస్తు పెట్టాలి అన్నదే వాళ్లకు ఇప్పుడు కావలసిన మొదటి పాఠం. ఆ పాఠం చెప్పే పని ప్రస్తుతం చాలావరకు మేస్త్రీల చేతిలోనూ, నెట్ సెంటర్ల చేతిలోనూ ఉంది.