రక్తప్రవాహంలో క్యాన్సర్ కణాలకు గండం: సీన్ మోరిసన్ పరిశోధన

క్యాన్సర్ మరణాలలో అధిక భాగం మొదట పుట్టిన కణితి వల్ల కాక, అది ఇతర అవయవాలకు పాకడం వల్ల సంభవిస్తాయి. వైద్యులు మెటాస్టాసిస్ అని వ్యవహరించే ఈ పరిణామానికి జనవ్యవహారంలో ఉన్న ‘పాకడం’ అనే మాట ఒక విషయంలో తప్పుదారి పట్టిస్తుంది. తీగ పందిరికి పాకినంత సులువైన ప్రక్రియ కాదిది. కణితి నుంచి విడివడి రక్తంలో చేరిన కణాల్లో అత్యధికం మార్గమధ్యంలోనే నశిస్తాయి. మిగిలినవి ఎలా బతుకుతున్నాయన్న ప్రశ్నకు జీవక్రియల వైపు నుంచి సమాధానం వెదికినవారిలో సీన్ మోరిసన్ ముఖ్యులు. అమెరికాలోని డల్లాస్‌లో టెక్సాస్ విశ్వవిద్యాలయ సౌత్‌వెస్టర్న్ వైద్య కేంద్రంలో ఆయన పరిశోధనలు సాగుతున్నాయి.

కణితి జీవక్రియల అధ్యయనం కొత్తది కాదు. క్యాన్సర్ కణాలు ఆక్సిజన్ అందుబాటులో ఉన్నా గ్లూకోజును విపరీతంగా వినియోగించి లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయని జర్మనీ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్ 1920ల్లోనే గుర్తించారు. అయితే ఆ పరిశీలన ఒకచోట స్థిరంగా పెరిగే కణితికి సంబంధించినది. ప్రయాణంలో ఉన్న కణం సంగతి వేరు.

మోరిసన్ బృందం ఎంచుకున్నది మెలనోమా అనే చర్మ క్యాన్సర్. రోగనిరోధక శక్తి లేని ప్రత్యేక జాతి ఎలుకల చర్మం కింద రోగుల నుంచి సేకరించిన మెలనోమా కణాలను ఒక్కొక్కటిగా ఉంచగా, సగటున 27 శాతం కణాలు కణితులుగా ఎదిగాయని 2008లో ఈ బృందం ప్రకటించింది. కానీ అటువంటి కణాలనే నేరుగా రక్తంలోకి ఎక్కిస్తే నిలదొక్కుకునేవి బహు స్వల్పం. కారణం 2015లో ‘నేచర్’ పత్రికలో వెలువడిన పరిశోధనలో తేలింది. రక్తంలో ఆ కణాలు తీవ్రమైన ఆక్సీకరణ ఒత్తిడికి గురవుతున్నాయి. కణానికి సహజ రక్షకంగా ఉండే గ్లూటాథయోన్ అక్కడ వేగంగా ఖర్చయిపోతోంది. తమ జీవక్రియలను మార్చుకుని ఆ ఒత్తిడిని తట్టుకున్న కణాలే దూరపు అవయవాలను చేరుతున్నాయి. విశేషమేమంటే, ఈ మార్పు శాశ్వతం కాదు. ఆ కణాలను తిరిగి చర్మం కింద ఉంచితే పూర్వస్థితికి వస్తాయి.

అంటే, ఆక్సీకరణ ఒత్తిడి ఇక్కడ రోగికి మేలు చేస్తోంది. ఎలుకలకు ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ అనే యాంటీఆక్సిడెంట్ ఇచ్చినప్పుడు చర్మం కింది కణితి పెరుగుదలలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రక్తంలో క్యాన్సర్ కణాలు మాత్రం పెరిగాయి, వ్యాధి మరింత విస్తరించింది. యాంటీఆక్సిడెంట్ అంటే నిరపాయకరమైన బలవర్ధకమని భావించి రోగులు సొంతంగా మాత్రలు కొనుక్కునే రోజుల్లో ఈ ఫలితం ఉపేక్షించదగినది కాదు. ఇది ఎలుకల్లో వచ్చిన ఫలితమేనన్న మాట నిజమే. అయితే మనుషుల్లోనూ ఒక హెచ్చరిక లోగడే వచ్చింది. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే పురుషులపై జరిపిన పరీక్షలో, బీటా కెరోటిన్ మాత్రలు తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా కనిపించిందని 1994లో వెల్లడైంది. ఇవన్నీ విడిగా తీసి అధిక మోతాదులో ఇచ్చే పదార్థాల గురించిన ఫలితాలు. పళ్లు, కూరగాయలు మానుకోవాలని వీటి అర్థం కాదు. పారాసిటమాల్ మోతాదు మించినప్పుడు ప్రాణం నిలిపే మందు కూడా ఎన్-ఎసిటైల్‌సిస్టీనే కనుక, వైద్యులు రాసిన మందును రోగులు తమంతట తాము ఆపివేయరాదు.

2015 పరిశోధనలోని మరో అంశం తెలుగువారికి పరిచితమైన పేరును గుర్తుకు తెస్తుంది. వ్యాప్తి చెందే కణాలు ఒత్తిడిని ఎదుర్కొనేందుకు ఫోలేట్ ఆధారిత ఎంజైములపై ఎక్కువగా ఆధారపడుతున్నాయి. ఫోలేట్ పనిని అడ్డగించే మెథోట్రెక్సేట్‌ను తక్కువ మోతాదులో ఇవ్వగా ఎలుకల్లో దూరపు వ్యాప్తి తగ్గింది. ఈ తరగతి మందులకు మూలం, భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన ఫోలిక్ ఆమ్ల పరిశోధనే. ఆ బృందం అందించిన అమినోప్టెరిన్‌తో బాలల రక్త క్యాన్సర్‌ను తాత్కాలికంగా అదుపు చేయగలిగామని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. సుబ్బారావు ఆ ఏడాదే కన్నుమూశారు.

మెలనోమా సాధారణంగా మొదట రక్తం ద్వారా కాక శోషరస నాళాల ద్వారా ఎందుకు వ్యాపిస్తుందన్నది చిరకాల ప్రశ్న. శోషరసంలో ఆక్సీకరణ ఒత్తిడి తక్కువని మోరిసన్ బృందం 2020లో చూపింది. అక్కడ విడి ఇనుము తక్కువ. గ్లూటాథయోన్, ఒలియిక్ ఆమ్లం ఎక్కువ. ఇనుము ప్రేరణతో కణ పొరలోని కొవ్వు ఆక్సీకరణం చెంది కణం నశించడాన్ని ఫెరోప్టోసిస్ అంటారు. ఒలియిక్ ఆమ్లం దాని నుంచి క్యాన్సర్ కణానికి కవచంగా పనిచేస్తోంది. శోషరసంలో కొంతకాలం గడిపిన కణం ఆ రక్షణతోనే తర్వాత రక్తంలోకి దిగుతుంది, ఎక్కువగా బతుకుతుంది. మెలనోమా శస్త్రచికిత్సలో సమీపంలోని శోషరస గ్రంథిని తీసి పరీక్షించడం ఎంతో కాలంగా ఉన్న పద్ధతి. కణాలు ముందుగా అక్కడికే ఎందుకు చేరతాయన్నదానికి ఇప్పుడు ఒక రసాయనిక కారణం లభించింది.