ఫ్రాంక్లిన్ గారి తప్పొప్పుల పట్టిక

సొంతంగా చిన్న కంపెనీ పెట్టుకున్న మనవాళ్ళలో నేనొక వింత గమనించాను. అర్ధరాత్రి ప్రొడక్షన్ సర్వర్ మీద ప్యాచ్ వెయ్యమంటే చేతులు వణకవు. "మీరు చేసే పనేంటో కస్టమరుకి అర్థమయ్యేలా నాలుగు పేరాలు రాయండి" అంటే మాత్రం వణుకుతాయి. రాసిందాన్నే ఇరవైసార్లు దిద్దుతారు. "ఇంకా బాగా రావాలండీ" అంటారు. "మనకంటే తెలిసినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, మనమేం చెబుతాం" అంటారు. డ్రాఫ్టు ల్యాప్‌టాప్‌లోనే ముసలిదైపోతుంది. ఈలోగా పని అంతంతమాత్రంగా వచ్చినా నాలుగు ముక్కలు రాసి జనానికి కనబడ్డవాడు కాంట్రాక్టు ఎగరేసుకుపోతాడు.

ఈ జబ్బు కొత్తదేం కాదు. దీనికి మందు వెతుకుతుంటే నాకు దొరికిన మనిషి, దాదాపు మూడొందల ఏళ్ళ కిందటి ఒక ప్రెస్సు యజమాని. పేరు బెంజమిన్ ఫ్రాంక్లిన్. ఆ పేరు వినగానే మనకి గాలిపటం, మెరుపు, వంద డాలర్ల నోటు గుర్తొస్తాయి. కానీ ఆయనకి కూడుపెట్టిన విద్య అచ్చుపని. 1748లో, 42 ఏళ్ళకే, రోజువారీ ప్రెస్సు పని భాగస్వామి డేవిడ్ హాల్‌కి అప్పగించి పక్కకి తప్పుకోగలిగాడు. ఆ స్థితికి రావడంలో ఆయన తన ప్రెస్సు కోసం తనే రాసుకున్న రాతలకి పెద్ద వాటా ఉంది.

పుట్టుకతో వచ్చిన కలమా అంటే, కాదు. 1706లో బోస్టన్‌లో కొవ్వొత్తులు, సబ్బులు చేసే ఇంట్లో పుట్టాడు. 12 ఏళ్ళకి అన్న జేమ్స్ ప్రెస్సులో అప్రెంటిస్‌గా చేరాడు. ఒక స్నేహితుడితో ఉత్తరాల్లో వాదన పెట్టుకుంటే, ఆ ఉత్తరాలు నాన్న కంటబడ్డాయి. ప్రెస్సులో పనిచేస్తున్నావు కాబట్టి స్పెల్లింగూ, విరామచిహ్నాలూ బావున్నాయి గానీ, చెప్పే తీరులో, క్రమంలో, స్పష్టతలో ఆ అబ్బాయే నయం అని తేల్చేశాడాయన. శుద్ధమైన కోడ్ రివ్యూ అన్నమాట! కుర్రాడు అలగలేదు. "స్పెక్టేటర్" అనే లండన్ పత్రికలోని వ్యాసాలు తీసుకుని, ఒక్కో వాక్యానికి చిన్న గుర్తు రాసుకుని, కొన్నాళ్ళు పక్కనబెట్టి, ఆ గుర్తుల నుంచి వ్యాసాన్ని మళ్ళీ సొంతంగా రాసి, అసలుతో పోల్చి తప్పులు దిద్దుకునేవాడు.

అయితే "పూర్తిగా నేర్చుకున్నాకే రాస్తాను" అని కూర్చోలేదు. 1722లో, 16 ఏళ్ళ వయసులో, అన్న నడిపే న్యూ ఇంగ్లండ్ కొరాంట్ పత్రికకి రాయాలనుకున్నాడు. తమ్ముడి రాత అని తెలిస్తే అన్న వెయ్యడు. అందుకని చేతిరాత మార్చి, సైలెన్స్ డూగుడ్ అనే నడివయసు విధవరాలి పేరు పెట్టి, రాత్రిపూట ప్రెస్సు తలుపు కిందనుంచి కాగితం లోపలికి తోశాడు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా 14 ఉత్తరాలు అచ్చయ్యాయి. ఇవి ఏ పండితుడు రాసి ఉంటాడా అని అన్న స్నేహితులు పెద్దపెద్ద పేర్లు ఊహిస్తుంటే, ఈ పిల్లాడు పక్కనే టైపులు కూర్చుకుంటూ విన్నాడు.

నాకు ఇందులో కనబడింది ఇది: మన అనుమానమంతా "నేను" గురించి. నాకేం తెలుసు, నన్నేమనుకుంటారు, నా ఇంగ్లీషు ఎలా ఉంది... చదివేవాడి ప్రశ్న మాత్రం కాగితం గురించి. ఇది నాకు పనికొస్తుందా లేదా, అంతే. ఫ్రాంక్లిన్ తన భయం పోయేదాకా ఆగలేదు. భయాన్ని ఒక ముసుగు వెనక కూర్చోబెట్టి, పని కానిచ్చేశాడు.

తర్వాత అన్నతో పడక 1723లో ఫిలడెల్ఫియా పారిపోయాడు. 1728లో హ్యూ మెరెడిత్ అనే భాగస్వామితో సొంత ప్రెస్సు పెట్టాడు. ఊళ్ళో అప్పటికే ఇద్దరు పోటీదారులు: ఆండ్రూ బ్రాడ్‌ఫోర్డ్, శామ్యూల్ కీమర్. ఈ కీమర్ కథ మనవాళ్ళు తప్పక వినాలి. అదే ఏడాది చివర ఒక వారపత్రిక మొదలుపెట్టాడు. సకల కళలనూ శాస్త్రాలనూ బోధించేది అని అర్థమొచ్చే చాంతాడంత పేరు. అందులో చేంబర్స్ విజ్ఞానసర్వస్వాన్ని "ఎ" అక్షరం నుంచి వరసగా అచ్చేయడం ప్రారంభించాడు. నవ్వకండి, మనలో ఎంతమంది "ముందు బేసిక్స్ నుంచి మొత్తం కవర్ చేద్దాం" అని ఇలాంటి ప్లానులు వెయ్యలేదు :) ఏడాది తిరక్కుండానే చేతులెత్తేశాడు. మహా ఉంటే 90 మంది చందాదారులున్న ఆ పత్రికని 1729లో ఫ్రాంక్లిన్ చౌకగా కొన్నాడు. ఆయన చేసిన మొదటి పనులు రెండు: విజ్ఞానసర్వస్వం ఆపేశాడు, పేరుని "పెన్సిల్వేనియా గెజెట్" అని కుదించాడు.

ఆ ఏడాదే కాలనీలో కాగితం డబ్బు మీద పెద్ద గొడవ నడుస్తోంది. ఫ్రాంక్లిన్‌కి అప్పటికి 23 ఏళ్ళు. కాలేజీ మొహం చూడలేదు. అయినా కాగితం డబ్బు ఎందుకు కావాలో వివరిస్తూ, తన పేరు పెట్టకుండా ఒక చిన్న పుస్తకం రాసి అచ్చేశాడు. జనానికి నచ్చింది. శాసనసభ ఒప్పుకుంది. కొన్నాళ్ళకి ఆ నోట్లు అచ్చేసే పని ఆయనకే ఇచ్చారు. మంచి లాభసాటి బేరం! వ్యాపారం కోసం రాయడమంటే "మా కంపెనీ గొప్పది" అని చెప్పుకోవడం కాదని, కస్టమరు బుర్ర తొలిచేస్తున్న ప్రశ్నకి జవాబు చెప్పడమని ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

అలాగని ఆయన చుట్టేసే రకం కాదు. శాసనసభ గవర్నరుకి ఇచ్చిన విన్నపాన్ని బ్రాడ్‌ఫోర్డ్ తప్పులతో, మొరటుగా అచ్చేస్తే, అదే పత్రాన్ని ఫ్రాంక్లిన్ ఒక్క తప్పు లేకుండా, ముచ్చటగా మళ్ళీ అచ్చేసి ప్రతి సభ్యుడికీ ఒక కాపీ పంపించాడు. మరుసటి ఏడాది ప్రభుత్వ అచ్చుపని ఆయన చేతికొచ్చింది. అంటే ఎక్కడ నూటికి నూరు రావాలో ఆయనకి తెలుసు. అన్నిచోట్లా రావాలని పట్టుబట్టలేదు, అంతే.

ఇక అసలు కథ పంచాంగానిది. ఆ రోజుల్లో ప్రెస్సువాళ్ళకి ఆల్మనాక్ నమ్మకమైన ఆదాయం. 1732లో ఫ్రాంక్లిన్‌కి రాసిచ్చే ఇద్దరు పంచాంగకర్తలు బ్రాడ్‌ఫోర్డ్ వైపు వెళ్ళిపోయారు. కొత్తవాళ్ళని వెతికే టైము లేదు. తనే రాశాడు. ఆ డిసెంబరు చివర్లో "పూర్ రిచర్డ్" మార్కెట్లోకి వచ్చింది. ఉగాది దాటాక పంచాంగం ఎవడు కొంటాడు చెప్పండి? ఇంకో నెల మెరుగులు దిద్దుతూ కూర్చునుంటే, అది ఎంత గొప్పగా వచ్చినా చిత్తుకాగితమే.

ఇక్కడా ముసుగే. రాసేది రిచర్డ్ సాండర్స్ అనే బీద జ్యోతిష్కుడు. ఈ పరికరాలూ పుస్తకాలూ నాలుగు డబ్బులు తేకపోతే తగలబెట్టేస్తానని పెళ్ళాం బెదిరించింది, అందుకే రాస్తున్నానని ముందుమాటలోనే ఒప్పేసుకుంటాడు. తేదీల మధ్య మిగిలిన ఖాళీల్లో సామెతలు నింపాడు. చాలావరకు అక్కడా ఇక్కడా ఉన్నవే, చెక్కి, కుదించి, వాడుకగా మార్చాడు. అందులో పదోవంతు జ్ఞానం కూడా తనది కాదని 1758 సంచికలో ఆ రిచర్డ్ నోటితోనే చెప్పించాడు. "ఇదంతా ఎవరో ఎప్పుడో చెప్పేసిందే కదా" అని ఆగిపోయేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఆ పంచాంగం ఏడాదికి పదివేల దాకా అమ్ముడయ్యేదని ఆయనే రాసుకున్నాడు.

అన్నీ ఆడాయా అంటే, లేదు. 1732లో జర్మన్ వలసదారుల కోసం పెట్టిన పత్రిక కొన్ని సంచికలకే మూతబడింది. 1741లో మొదలెట్టిన మాసపత్రిక ఆరు సంచికలతో ఆగిపోయింది. ఆ పక్కనే గెజెట్టూ, పంచాంగమూ నడుస్తూనే ఉన్నాయి.

ఈ నిబ్బరం అచ్చుపని నుంచే వచ్చిందని నా అభిప్రాయం. పాత తెలుగు పుస్తకాల్లో "తప్పొప్పుల పట్టిక" అని ఒక పేజీ ఉండేది, గుర్తుందా? మన రిలీజ్ నోట్సులో "తెలిసిన లోపాలు" లాంటిదే. తప్పు దొరికిందని అచ్చయిన ఫారాలన్నీ పారెయ్యరు. పట్టికలో వేస్తారు, మలి ముద్రణలో దిద్దుతారు. 1771లో మొదలుపెట్టిన ఆత్మకథలో ఫ్రాంక్లిన్ తన జీవితంలోని పొరపాట్లని కూడా ఆ అచ్చుమాటతోనే పిలిచాడు. అన్నట్టు, 1790లో ఆయన పోయేనాటికి ఆ ఆత్మకథ పూర్తికాలేదు. సగంలో ఆగిన పుస్తకాన్నే ప్రపంచం ఇప్పటికీ చదువుతోంది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం. అన్ని తప్పులూ పట్టికలో వేసి ఊరుకునేవి కావు. అదే గెజెట్‌లో బానిసల అమ్మకం ప్రకటనలు వచ్చేవి, వాటి మీద ఆదాయమూ వచ్చేది. ఆయనకీ బానిసలుండేవారు. చివరి రోజుల్లో, 1787లో, బానిసత్వ నిర్మూలన సంఘానికి అధ్యక్షుడయ్యాడు గానీ, అమ్ముడుపోయిన మనుషులకి మలి ముద్రణ లేదు. కామా తప్పుకి నెల రోజులు ఆగే మనం, ఎదుటివాడికి నష్టం చేసే తప్పు దగ్గర ఆగుతున్నామా అన్నది చూసుకోవాలి.

ఆత్మకథలో ఆయనొక పిట్టకథ చెబుతాడు. ఒకాయన గొడ్డలి కొని, అంచులాగే మొత్తం తళతళలాడాలన్నాడు. చక్రం నువ్వు తిప్పితే సానపడతానన్నాడు కమ్మరి. తిప్పీ తిప్పీ చేతులు పడిపోయాయి. ఇంకా మచ్చలున్నాయి, తిప్పమంటాడు కమ్మరి. నాకు మచ్చల గొడ్డలే నచ్చిందిలే అని పట్టుకుపోయాడాయన. మధ్యలో వదిలేసేవాళ్ళ మీదా, తన మీదా ఫ్రాంక్లిన్ వేసుకున్న జోకు ఇది. నేను మాత్రం ఇంకో సంగతి చూస్తాను: ఆ గొడ్డలికి అంచు మొదటినుంచీ మెరుస్తూనే ఉంది. చెట్టు కొట్టేది అంచే.

మన రాతల్లో ఆ అంచు ఏదంటే, చెప్పిన అంకెలు నిజమవ్వడం, ఒప్పుకున్న పని చేయగలగడం, కస్టమరు అడిగిన ప్రశ్నకి జవాబుండడం. వాటికి ఎంత సాన పట్టినా తక్కువే. మిగతా మచ్చలకి పంచాంగంలాగే ఒక తేదీ పెట్టుకోండి. ఆ తేదీకి ఎలా ఉంటే అలా బయటికి పంపెయ్యండి, మలి ముద్రణ ఎలాగూ ఉంది.