నీడలో పెరుగు వేరు: జిన్‌సెంగ్ చరిత్ర



మన ఆకుతోటలలో తమలపాకు తీగలకు అవిసె చెట్లు నీడనిచ్చుట మీరెరిగినదే. అట్లే నీడయే ప్రాణముగా బ్రతుకు మొక్క యొకటి దూరదేశపు అడవులలో గలదు. దాని పేరు జిన్‌సెంగ్. మంచూరియా, కొరియా కొండలలో ఒక జాతియు, ఉత్తర అమెరికా అడవులలో దానికి దగ్గరి చుట్టమగు మరియొక జాతియు పెరుగును. వేరు మనుష్యాకృతిని బోలియుండుటచే చీనావారు దానికాపేరిడి, బలమునిచ్చు మందుగా అనేక శతాబ్దములనుండి వాడుచున్నారు. దాని చరిత్రను నేడు మీకు మనవి చేసెదను.

ఈ మొక్క తొందర యెరుగదు. గింజ నేలబడిన పిమ్మట సుమారు 18 నెలలు నిద్రించి, రెండవ వసంతమున మొలచును. మొదటి యేట దానికి మూడు చిన్న ఆకులే. పూతకు మూడేండ్లైనను పట్టును. ఏటేట చలికాలమునకు ముందు కాడ రాలిపోవును. రాలినచోట వేరు మెడపై ఒక మచ్చ నిలుచును. ఎద్దు పండ్లు చూచి మనము ఈడు చెప్పునట్లు, ఆ మచ్చలనెంచి వారు వేరు వయస్సు చెప్పుదురు.

1709లో కాంగ్‌షీ చక్రవర్తి ఆజ్ఞచే మంచూరియా దేశపటమును సిద్ధపరచుచుండిన పియేర్ జార్తూ అను ఫ్రెంచి మతగురువు ఈ మొక్కను చూచెను. 1711లో వ్రాసిన జాబులో, ఇట్టి అడవులే గల కెనడాలోను ఇది యుండవచ్చునని యూహించెను. ఆ జాబును చదివిన లఫితో అను మరియొక గురువు మాంట్రియల్ సమీపమున నెలల తరబడి వెదకి, 1716లో దానిని కనుగొనెను. ఆయన చూపగా, మోహాక్ జాతి స్త్రీ యొకతె అది తమవారు వాడు మందేయని గుర్తించెను. వెదకినవాడు పండితుడు, ఎరిగినది ఆమె.

వర్తకము వెంటనే పెరిగినది. కెనడా వేరు ఓడలపై చీనా చేరెను. 1752లో ఫ్రెంచివారి లివ్రు నాణెముల లెక్కలో 5,00,000 విలువగల సరకు ఎగుమతియయ్యెను. ధర పెరిగిన కొలది ఆశయు పెరిగెను. శరత్కాలమున త్రవ్వవలసిన వేళ్ళను వసంతముననే పెకలించిరి. నీడపట్టున మెల్లగా ఆరవలసినవానిని పొయ్యిలలో ఎండబెట్టిరి. చీనా వర్తకులు ఆ సరకును నిరాకరించిరి. 1754లో ఎగుమతి 33,000 లివ్రులకు దిగజారెను. ‘జిన్‌సెంగువలె పడిపోయినది’ అను సామెత మాత్రము ఆ దేశమున మిగిలెను.

ఐనను చీనాలో గిరాకి చావలేదు. 1784లో న్యూయార్కునుండి కాంటనుకు బయలుదేరిన ‘ఎంప్రెస్ ఆఫ్ చైనా’ అను ఓడ సుమారు 30 టన్నుల వేరును కొనిపోయెను. త్రవ్వువారే గాని నాటువారు లేకపోవుటచే అడవులు బోసిపోయెను.

ఈ మొక్క తోటలో బ్రతుకదని అమెరికాలో పలువురు నమ్మిరి. 1880 తరువాతి సంవత్సరములలో న్యూయార్కు రాష్ట్రమున జార్జి స్టాంటన్ అను రేకుపనివాడు అడవి వేళ్ళను తెచ్చి, ఆకుమన్నుగల మడులలో, నీడక్రింద నాటి పెంచెను. ఆయన సాధించినది కొత్త విద్య కాదు. అడవి యిచ్చు నీడను, అడవి తీసికొను కాలమును మన్నించుటయే. కొరియాలో కేసాంగ్ రైతులు అంతకు ముందే గడ్డి పందిళ్ళక్రింద దీనిని పండించుచుండిరి. ఉత్తమమైన వేరుకు అచ్చట ఆరేండ్లు వేచియుందురు.

తోటలోను కష్టము లేకపోలేదు. దట్టముగా నాటిన మడులకు తెగుళ్ళు సోకును. ఒకసారి వేరు తీసిన నేలలో మరల అదే పైరు సరిగా పెరుగదు. అడవి మొక్కల రక్షణకై 1975లో అంతర్జాతీయ ఒడంబడికలో అమెరికా జిన్‌సెంగ్‌ను చేర్చిరి. ఎగుమతి చేయు అడవి వేరుకు కనీసము ఐదేండ్ల వయస్సుండవలెనని ఆ దేశమున నియమము కలదు. మెడపై మచ్చలే అందుకు సాక్ష్యము.

పెద్దలారా, తాటిటెంక పాతి మనుమల కొరకు కాచుకొన్నవారి సంతతి మనము. కెనడావారు పోగొట్టుకొన్నది ఒక యేటి లాభము కాదు, కొనువాని నమ్మకము. దానిని మరల సంపాదించుటకు ఆ వేరు పెరుగుటకు పట్టునంతకంటె ఎక్కువ కాలము పట్టెను.