సూది బెజ్జం

ఈమధ్య సూదిలో దారం ఎక్కించాలంటే కళ్లజోడు పెట్టుకోవాల్సి వస్తోంది. బెజ్జం వెతుక్కున్నప్పుడల్లా డోర్సెట్ ఆడవాళ్లు గుర్తొస్తారు నాకు.

కెనడా ఉత్తర తీరాల్లో, గ్రీన్‌లాండ్‌లో సుమారు రెండున్నర వేల ఏళ్ల కిందటి నుంచి వెయ్యేళ్లకు పైగా బతికిన జనం వాళ్లు. కేప్ డోర్సెట్‌లో దొరికిన వస్తువులు చూసి, వీళ్లు వేరే జనమని 1925లో డైమండ్ జెన్నెస్ గుర్తించాడు. ఆ తర్వాత అలాస్కా వైపు నుంచి వచ్చినవాళ్లు థూలేలు, ఇప్పటి ఇన్యూట్‌ల పూర్వీకులు.

తవ్వకాల్లో ఈ ఇద్దరినీ వేరుచేసే గుర్తుల్లో బెజ్జం ఒకటి. థూలేలది తాడు చుట్టి తిప్పే బర్మాతో వేసిన గుండ్రటి బెజ్జం. డోర్సెట్ వాళ్లది ఎముకను గీకి గీకి తొలిచిన కోల బెజ్జం. వింతేమిటంటే, వాళ్లకంటే ముందున్నవాళ్లకు బర్మా తెలుసు, విల్లూ తెలుసు. వీళ్లెందుకో రెండూ వదిలేశారు.

థూలేలకు కుక్కల బండ్లు, పెద్ద తోలు పడవలు ఉండేవి. తిమింగలాలను వేటాడి, వాటి ఎముకలతోనే ఇంటి కప్పు నిలబెట్టుకున్నారు. పుస్తకాల్లో డోర్సెట్ వాళ్ల గురించి మాత్రం "అది లేదు, ఇది లేదు" అనే జాబితానే. కొత్త కోడలి సారె విప్పి చూసినట్టు! మెత్తరాయి దీపంలో సీల్ కొవ్వు వెలిగించుకుని, దంతంలో వేలెడంత ఎలుగుబంట్లు చెక్కిన చేతులవి. నాకు చిన్నచూపు రాదు.

2014లో వచ్చిన జన్యు పరిశోధనలో ఈ రెండు జనాలూ కలిసిన జాడ దాదాపు కనబడలేదు. డోర్సెట్ వాళ్లు ఏమయ్యారో గానీ, ఆ చలిలో వాళ్ల పిల్లల ఒంటిమీద తోలుబట్టలు కుట్టింది ఆ కోల బెజ్జం సూదులే.