గుండె శస్త్రచికిత్స తరువాత హృదయ స్పందన వైవిధ్యం

హృదయ స్పందన వైవిధ్యం అంటే ఒక గుండె స్పందనకు, దాని తరువాతి స్పందనకు మధ్య పట్టే కాలంలో కనిపించే హెచ్చుతగ్గులు. దీనిని ఇ.సి.జి. రికార్డుల నుండి లెక్కకడతారు. గుండెపోటు వచ్చినవారిలో ఈ వైవిధ్యం బాగా తగ్గితే మరణించే అవకాశం ఎక్కువని 1980వ దశకంలో స్పష్టమైంది. గుండె శస్త్రచికిత్స జరిగినవారిలో ప్రమాదాన్ని ముందుగా పసిగట్టడానికి కూడా ఇదే కొలమానం పనికివస్తుందా అన్న ప్రశ్నపై తరువాతి కాలంలో అనేక పరిశోధనలు జరిగాయి. గుండెపోటు విషయంలో ఉపయోగపడిన కొలబద్ద శస్త్రచికిత్స విషయంలో యథాతథంగా వర్తించదని వీటి ఫలితాలు సూచిస్తున్నాయి.

నేపథ్యం

గుండె కుడి కర్ణికలో ఉండే సిరాకర్ణికా కణుపు స్పందనలను ప్రారంభిస్తుంది. అందువలన దీనిని లయారంభకం అని కూడా అంటారు. ఈ కణుపు తనంతట తానే పనిచేయగలదు. అయితే దాని వేగాన్ని రెండు రకాల నాడులు నిరంతరం సవరిస్తుంటాయి. సింపథెటిక్ నాడులు వేగాన్ని పెంచుతాయి. పారాసింపథెటిక్ వ్యవస్థకు చెందిన వేగస్ నాడి వేగాన్ని తగ్గిస్తుంది. వేగస్ ప్రభావం ఒక సెకను లోపే కనిపిస్తుంది. సింపథెటిక్ ప్రభావం కనిపించడానికి కొన్ని సెకన్లు పడుతుంది.

ఆరోగ్యవంతుని గుండె గడియారంలా సమాన వ్యవధిలో కొట్టుకోదు. ఊపిరి పీల్చినప్పుడు కొద్దిగా వేగం పుంజుకుని, వదిలినప్పుడు నెమ్మదిస్తుంది. రక్తపోటు మారినా, నిద్రపోయినా, నడిచినా ఈ వ్యవధి మారుతుంది. కనుక స్పందనల మధ్య హెచ్చుతగ్గులు ఉండటం వ్యాధి లక్షణం కాదు. నాడుల అదుపు సక్రమంగా ఉన్నదనడానికి గుర్తు. గుండె మార్పిడి జరిగినవారిలో ఇది తేటతెల్లమవుతుంది. దాత గుండెను తీసేటప్పుడు దాని నాడులు తెగిపోతాయి. అందువలన అమర్చిన గుండె తొలి నెలలలో నిమిషానికి సుమారు 90 నుండి 110 సార్లు, దాదాపు ఏ మార్పూ లేకుండా కొట్టుకుంటుంది.

కొలిచే విధానం

ఉదాహరణకు ఇద్దరు రోగుల నాడి నిమిషానికి 75 సార్లు కొట్టుకుంటున్నదనుకుందాం. మొదటివారిలో నాలుగు వరుస వ్యవధులు 800, 810, 795, 795 మిల్లీసెకన్లు. రెండవవారిలో 720, 850, 880, 750 మిల్లీసెకన్లు. రెండింటి సగటూ 800 మిల్లీసెకన్లే. మణికట్టు పట్టుకుని నాడి చూస్తే ఈ తేడా తెలియదు. ఇ.సి.జి. రికార్డులో మాత్రమే స్పష్టంగా కనబడుతుంది.

ఈ వ్యవధుల ప్రామాణిక విచలనాన్ని ఎస్.డి.ఎన్.ఎన్. అంటారు. దీనిని సాధారణంగా 24 గంటల రికార్డు నుండి లెక్కిస్తారు. ఆరోగ్యవంతులలో దీని సగటు విలువ సుమారు 141 మిల్లీసెకన్లు. 100 కంటే తక్కువైతే ఓ మోస్తరుగా, 50 కంటే తక్కువైతే తీవ్రంగా తగ్గినట్లు పరిగణిస్తారు.

మరొక పద్ధతిలో హెచ్చుతగ్గులను పౌనఃపున్యాలుగా విడగొడతారు. 0.15 నుండి 0.40 హెర్ట్జ్ వరకు ఉండే భాగం ముఖ్యంగా శ్వాసతో ముడిపడిన వేగస్ ప్రభావాన్ని చూపుతుంది. 0.04 నుండి 0.15 హెర్ట్జ్ వరకు ఉండే భాగంలో రెండు రకాల నాడుల ప్రభావమూ కలిసి ఉంటుంది.

లెక్కలోకి సాధారణ స్పందనలను మాత్రమే తీసుకోవాలి. అకాల స్పందనలను తొలగించకపోతే వైవిధ్యం ఉన్నదానికంటే ఎక్కువగా కనబడుతుంది. లయ పూర్తిగా తప్పిన కర్ణికా ప్రకంపనంలోనూ, పేస్‌మేకరు గుండెను నడిపిస్తున్నప్పుడూ ఈ కొలత వర్తించదు.

చరిత్ర

నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో విలియం ఐంథోవెన్ 20వ శతాబ్దం తొలి సంవత్సరాలలో తీగ గాల్వనోమీటరుతో గుండె విద్యుత్ తరంగాలను స్పష్టంగా నమోదు చేశాడు. ఇందుకు 1924లో అతనికి నోబెల్ బహుమతి లభించింది. అమెరికాకు చెందిన నార్మన్ హోల్టర్ రోగి వెంట తిరిగే రికార్డరును రూపొందించి 1961లో దాని వివరాలను ప్రచురించాడు. నేటికీ ఈ రకపు పరీక్షను హోల్టర్ పరీక్ష అనే పిలుస్తారు. రోజంతటి స్పందనలను లెక్కించడం దీనివలన సాధ్యపడింది.

1987లో రాబర్ట్ క్లీగర్, అతని సహచరులు గుండెపోటు నుండి బయటపడిన 808 మంది రికార్డులను విశ్లేషించారు. ఎస్.డి.ఎన్.ఎన్. 50 మిల్లీసెకన్ల కంటే తక్కువ ఉన్నవారిలో మరణాల ప్రమాదం, 100 కంటే ఎక్కువ ఉన్నవారితో పోలిస్తే 5.3 రెట్లు ఉన్నట్లు తేలింది. 1996లో ఐరోపా, ఉత్తర అమెరికాలకు చెందిన హృద్రోగ సంఘాలు కలిసి కొలతల ప్రమాణాలను ప్రకటించాయి.

శస్త్రచికిత్స తరువాత జరిగే మార్పులు

బైపాస్ శస్త్రచికిత్స జరిగిన తరువాత తొలి రోజులలో స్పందన వైవిధ్యం బాగా పడిపోతుంది. కొన్ని నెలలలో క్రమేణా కోలుకుంటుంది. ఈ తగ్గుదలకు పలు కారణాలున్నాయి. గుండె చుట్టూ ఉన్న పొరను తెరిచి పనిచేసేటప్పుడు సన్నని నాడీతంతువులు దెబ్బతినవచ్చు. గుండెను ఆపి ఉంచడం, శరీరంలో కలిగే వాపు ప్రతిచర్య, నొప్పి, రక్తహీనత, మత్తుమందులు, బీటా బ్లాకర్లు, వేగంగా కొట్టుకునే నాడి – ఇవన్నీ కొలతను మారుస్తాయి. కృత్రిమ శ్వాసయంత్రం నిమిషానికి 12 సార్లు ఊపిరినందిస్తే ఆ లయ 0.2 హెర్ట్జ్ అవుతుంది. అంటే యంత్రపు లయే వేగస్ ప్రభావాన్ని చూపే భాగంలో పడుతుంది.

ఈ కారణంగా, గుండెపోటు వచ్చిన రోగిలో 50 మిల్లీసెకన్ల విలువకున్న అర్థమే బైపాస్ జరిగిన రోగిలోనూ ఉంటుందని చెప్పలేము. గుండెపోటు రోగులపై అమెరికాలో జరిగిన కాస్ట్ పరీక్షలోని రికార్డులను 2004లో తిరిగి విశ్లేషించినప్పుడు ఈ సంగతి బయటపడింది. బైపాస్ జరిగినవారిని, మధుమేహం ఉన్నవారిని కలిపి లెక్కిస్తే వైవిధ్యానికి, మరణానికి మధ్య ఉన్న సంబంధం బలహీనపడింది. వీరిలో వైవిధ్యం తగ్గడానికి గుండె దుర్బలత కాక వేరే కారణాలు ఉండటమే ఇందుకు వివరణ.

కర్ణికా ప్రకంపనం

గుండె శస్త్రచికిత్స తరువాత తరచుగా వచ్చే లయదోషం కర్ణికా ప్రకంపనం. బైపాస్ జరిగినవారిలో సుమారు 20 నుండి 40 శాతం మందికి ఇది వస్తుంది. కవాటాల శస్త్రచికిత్సలో ఇంకా ఎక్కువ. సాధారణంగా రెండవ రోజుకు, నాలుగవ రోజుకు మధ్య మొదలవుతుంది. దీనివలన ఆసుపత్రిలో ఉండవలసిన రోజులు పెరుగుతాయి. పక్షవాతం ముప్పు కూడా ఎక్కువవుతుంది.

ఎవరికి ఇది వస్తుందో ముందుగా తెలుసుకోవడానికి ఇ.సి.జి.లోని పి తరంగపు నిడివిని, కర్ణికలలో పుట్టే అకాల స్పందనలను, స్పందన వైవిధ్యాన్ని పరిశీలించారు. వైవిధ్యం విషయంలో ఫలితాలు ఏకీభవించలేదు. ప్రకంపనం మొదలయ్యే ముందు కొందరిలో వైవిధ్యం తగ్గగా, మరికొందరిలో పెరిగింది. ప్రకంపనానికి దారితీసే మార్గం అందరిలో ఒకటి కాదని దీనిని బట్టి తెలుస్తున్నది. వయస్సు మాత్రం అధిక భాగం అధ్యయనాలలో బలమైన సూచికగా నిలిచింది.

సూచన వేరు, చికిత్స వేరు

ప్రమాదాన్ని సూచించే గుర్తు దొరికినంత మాత్రాన రోగికి మేలు జరుగుతుందని చెప్పలేము. ఇందుకు రెండు ప్రసిద్ధ ఉదాహరణలు ఉన్నాయి.

మొదటిది పైన పేర్కొన్న కాస్ట్ పరీక్ష. గుండెపోటు తరువాత అకాల స్పందనలు ఎక్కువగా ఉంటే మరణ ప్రమాదం ఎక్కువ. కనుక వాటిని అణచివేసే మందులు ప్రాణాలు కాపాడతాయని భావించారు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు ఆ స్పందనలను అణచినప్పటికీ, వాటిని వాడినవారిలో మరణాలు పెరిగాయి. దానితో 1989లో ఆ మందుల పరీక్షను నిలిపివేశారు.

రెండవది 1997లో ఫలితాలు వెలువడిన సి.ఎ.బి.జి. ప్యాచ్ పరీక్ష. ఎడమ జఠరిక బలహీనంగా ఉండి, వందలాది స్పందనలను సగటు చేసి తీసే ప్రత్యేక ఇ.సి.జి.లో దోషం కనిపించిన 900 మంది బైపాస్ రోగులను ఇందులో చేర్చారు. 446 మందికి శస్త్రచికిత్స సమయంలోనే డీఫిబ్రిలేటరు అమర్చారు. 454 మందికి అమర్చలేదు. సగటున 32 నెలల తరువాత మొదటి వర్గంలో 101 మంది, రెండవ వర్గంలో 95 మంది మరణించారు. అంటే పరికరం వలన ప్రయోజనం కనబడలేదు. గుండెపోటు వచ్చిన కొందరు రోగులలో ఇటువంటి పరికరమే మరణాలను తగ్గించిందని 1996లో మాడిట్ పరీక్ష చూపింది. బైపాస్ ద్వారా రక్తప్రసరణ మెరుగుపడటంతోనే ప్రాణాంతక లయదోషాల ముప్పు కొంత తగ్గి ఉంటుందని ఒక వివరణ.

ప్రస్తుత స్థితి

శస్త్రచికిత్స ప్రమాదాన్ని అంచనా వేయడానికి వైద్యులు వాడే యూరోస్కోర్ 2 పద్ధతిలో వయస్సు, మూత్రపిండాల పనితీరు, ఎడమ జఠరిక పనితీరు, ఇన్సులిన్ వాడవలసిన మధుమేహం, శస్త్రచికిత్స ఎంత అత్యవసరం వంటి అంశాలు ఉన్నాయి. స్పందన వైవిధ్యం ఇందులో లేదు.

మరోవైపు, కృత్రిమ మేధ సహాయంతో ఇ.సి.జి. తరంగాల ఆకృతిని మొత్తంగా చదివే ప్రయత్నాలు సాగుతున్నాయి. శస్త్రచికిత్సకు ముందు తీసిన ఇ.సి.జి. నుండి మరణ ప్రమాదాన్ని, వాడుకలో ఉన్న ఒక సూచిక కంటే మెరుగుగా అంచనా వేయవచ్చునని అమెరికాలోని సీడార్స్-సైనాయ్ వైద్య కేంద్రం పరిశోధకులు 2024లో ప్రచురించారు. ఈ అంచనాను బట్టి చికిత్స మారిస్తే రోగులకు మేలు జరుగుతుందా అన్నది వేరుగా పరీక్షించవలసిన విషయం.

నేటి చేతి గడియారాలు కూడా స్పందన వైవిధ్యాన్ని చూపుతున్నాయి. ఇవి చాలావరకు చర్మం కింది రక్తప్రవాహాన్ని కాంతితో పసిగట్టి, కొద్ది నిమిషాల కొలతలను ఇస్తాయి. కనుక ఆ అంకెలను 24 గంటల ఇ.సి.జి. విలువలతో పోల్చరాదు. శస్త్రచికిత్స జరిగినవారు గడియారంలోని తక్కువ అంకెను చూసి ఆందోళన చెందనక్కరలేదు. ఎక్కువ అంకెను చూసి ఛాతీనొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం వంటి లక్షణాలను ఉపేక్షించనూ కూడదు.

ఇవి కూడా చూడండి

గుండె
గుండెపోటు
కర్ణికా ప్రకంపనం
ఎలక్ట్రోకార్డియోగ్రామ్