వజ్రమునకు వెల కట్టుట: కొల్లూరు గనుల నుండి చెన్నపట్టణము వరకు

ధాన్యమునకు కుంచము కలదు. బంగారమునకు త్రాసును, ఒరగల్లును కలవు. ఈ పరీక్షలకు నిలిచిన బంగారమునకు నాటి ధరను బట్టి వెల కట్టుట లెక్క తెలిసిన బాలునకును సాధ్యమే. వజ్రమున కట్టి సులభమైన కొలత లేదు. ఒకే తూకము గల రెండు రాళ్ళలో ఒకదాని వెల రెండవదాని వెలకు అనేక రెట్లు ఉండవచ్చును. కావుననే పెండ్లికి వజ్రపు టుంగరమో, రవ్వల దుద్దులో కొనబోవు గృహస్థుడు, అంగడివాడు చెప్పిన వెల న్యాయమైనదా కాదా యని తటపటాయించుచుండును. ఈ సందేహము నేటిది కాదు. 18వ శతాబ్ది తొలిపాదము వరకు లోకమునకు వజ్రములు ప్రధానముగా భారతదేశము నుండియే చేరుచుండెను. వానిలో పేరెన్నిక గన్నవి పెక్కులు కృష్ణాతీరపు తెలుగు గనులలో పుట్టినవి. వెల కట్టు విద్యయు అక్కడనే చాలవరకు పండినది.

ఈ విద్య మూలములు ప్రాచీనములు. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో వజ్రపరీక్షను గూర్చి ప్రత్యేకముగా వ్రాసి, తూకమును బట్టి వెలల పట్టిక నొకదానిని ఇచ్చెను. ఎనిమిది తెల్ల ఆవాల యెత్తు ఒక తండులము, అనగా ఒక బియ్యపు గింజ. 20 తండులముల వజ్రమునకు వెల 2,00,000. అదియే 18 తండులములైన నాలుగవ వంతు తగ్గి 1,50,000. 14 అయిన సగము, 1,00,000. 10 అయిన అయిదవ వంతు, 40,000. 4 అయిన నూరవ వంతు, 2,000. 2 అయిన వేయవ వంతు, 200 మాత్రమే. తూకము సగమైనచో వెల సగము కాదు, అయిదవ వంతగును. పెద్దరాయి దొరకుట చిన్నరాళ్ళు అనేకము దొరకుట కంటె అరుదు. అరుదుతనమే ఈ పట్టికకు ప్రాణము. బుడగలు గలవి, కొన విరిగినవి, చప్పిడిగా నున్నవి మొదలగు దోషయుక్తములకు వెలలో ఎనిమిదవ వంతు తగ్గింపవలెనని కూడ ఆ గ్రంథము విధించుచున్నది. తూకము, అరుదుతనము, దోషము అను మూడు సూత్రములు అప్పటికే స్థిరపడి యుండెనని దీనివలన తెలియుచున్నది.

ఈ సూత్రములు గనుల చెంత ఎట్లు నడచినవో 17వ శతాబ్దిలో ప్రత్యక్షముగా చూచి వ్రాసినవాడు ఫ్రెంచి వర్తకుడు జీన్ బాప్తీస్తు టావెర్నియర్. 1631 నుండి 1668 వరకు ఆరు పర్యాయములు తూర్పుదేశములకు ప్రయాణము చేసి, 1676లో తన యాత్రాగ్రంథమును ప్రకటించెను. కొల్లూరును అతడు “గని” యను పేరుతో పేర్కొని, దేశభాషలో ఆ ప్రదేశము పేరు అదియే యని వ్రాసెను. మన గని యను సామాన్యనామము అతనికి ఊరిపేరుగా వినబడినది. అచ్చట 60,000 మంది పనిచేయుచుండిరని అతని లెక్క.

వజ్రపు వెలకు అతడు చెప్పిన సూత్రము వర్గసూత్రము. రాతి తూకమును దానిచేతనే గుణించి, ఆ లబ్ధమును ఒక కారెట్టు రాతి ధరచే గుణింపవలెను. ఒక కారెట్టు మేలురాయి 150 లీవరులు పలికిన కాలమున 15 కారెట్ల మేలురాతి వెల 15ను 15చే గుణింపగా వచ్చిన 225ను 150చే హెచ్చింపగా 33,750 లీవరులు. రాయి నీరు తక్కువదై, మచ్చలు కలదైనచో ఒక కారెట్టు ధర 80 లీవరులే యనుకొనిన, అదే తూకపు రాతికి 18,000 లీవరులు మాత్రమే వచ్చును. కంటికి ఒకే తీరుగా కనబడు రెండు రాళ్ళకు 15,750 లీవరుల తేడా. సూత్రము సులభము, దానికి ఆధారమైన ఒక కారెట్టు ధరను నిర్ణయించుటయే కష్టము. అది గుణపరీక్ష వలన గాని తేలదు.

తూకమునందు సైతము చిక్కు లేకపోలేదు. దక్షిణదేశమున రత్నములను మంజాడి గింజ పేరిట ఏర్పడిన తూనికతో తూచెడివారు. ఈ మాటయే పరదేశీయుల నోట “మాంజెలిన్” అయినది. కొల్లూరు గనియొద్ద మాంజెలిన్ 1¾ కారెట్లనియు, గోలకొండ, బిజాపురము రాజ్యములలో 1⅜ కారెట్లనియు, గోవాలో పోర్చుగీసువారి మాంజెలిన్ 5 గ్రెయినులే యనియు టావెర్నియర్ వ్రాసెను. నాలుగు గ్రెయినులు ఒక కారెట్టు. గనియొద్ద 10 మాంజెలినులకు బేరమాడి, గోవా తూనికతో సరుకు పుచ్చుకొన్నవాడు పదిహేడున్నర కారెట్లకు సొమ్ము చెల్లించి, పన్నెండున్నర కారెట్లు మాత్రమే ఇంటికి తెచ్చుకొనును. 1907లో అంతర్జాతీయ సభ 200 మిల్లీగ్రాముల మెట్రిక్ కారెట్టును అంగీకరించిన తరువాత గాని ఈ గందరగోళము తీరుదారికి రాలేదు.

ఇక నీటి పరీక్ష. ఐరోపావారు రాతిని పగటివెలుగున చూచుచుండగా, ఇచ్చటి వర్తకులు రాత్రివేళ చూచెడివారట. గోడలో అడుగు చదరపు గూడు తొలిచి, అందు లావు వత్తి గల దీపముంచి, రాతిని వ్రేళ్ళ నడుమ పట్టుకొని దాని నీటిని, నిర్మలత్వమును కనిపెట్టెడివారు. నీలిచాయ గల రాయి వారి దృష్టిలో హీనము. దానిని కనిపెట్టుటకు దట్టమైన ఆకులు గల చెట్టు క్రిందికి కొనిపోయి, ఆ పచ్చని నీడలో చూచెడివారు. ఇది అంధవిశ్వాసము కాదు. కొన్ని వజ్రములు సూర్యకాంతిలోని అతినీల కిరణములకు నీలివెలుగును ఈనుననియు, ఆ వెలుగు పసుపుచాయను కప్పి రాతిని ఉన్నదానికంటె తెల్లగా చూపుననియు నేటి శాస్త్రము చెప్పుచున్నది. ఎండలో మెరసిన రాతిని దీపము చెంతను, నీడలోను మరల చూచుట నేటికిని విడువరాని నియమము.

బేరమాడు విధానమును విచిత్రముగా నుండెను. కొనువాడు, అమ్మువాడు ఎదురెదురుగా కూర్చుండి, నోరు మెదపక, నడికట్టు వస్త్రము క్రింద చేయి చేయి పట్టుకొనెడివారు. అరచేతి నంతయు పట్టిన వేయి. ఒక వ్రేలు పట్టిన నూరు. వ్రేలి నడిమి కణుపు వరకు పట్టిన ఏబది. వ్రేలికొన పట్టిన పది. చుట్టును ఎందరున్నను ధర ఎవరికిని తెలియదు. ఒకే మూట ఆ గుంపులోనే పలుమార్లు చేతులు మారినను ఒకరి లాభము వేరొకరి యెరుకకు రాదు. ఈ గోప్యత వర్తకునకు రక్షణ. కొత్తగా వచ్చిన కొనుగోలుదారునకు మాత్రము అంధకారము.

గనుల సరుకు తీరమునకు చేరుటతో చెన్నపట్టణము వజ్రవ్యాపారమునకు నెలవైనది. 1639లో ఆంగ్లేయులు అచ్చట స్థిరపడునప్పుడు తోడ్పడిన బేరి తిమ్మన్న మొదలుకొని ఆ పట్టణపు తొలి వర్తకప్రముఖులలో పలువురు తెలుగువారు. 1680 ప్రాంతమున యూదు వర్తకులు పగడములను తెచ్చి అమ్మి, ఆ సొమ్ముతో వజ్రములు కొని లండనునకు పంపసాగిరి. నేటి జార్జిటౌనులోని పగడపు వర్తకుల వీధి ఆ వ్యాపారమునకు గుర్తు. 1688లో ఏర్పడిన చెన్నపట్టణ కార్పొరేషను సభలో ముగ్గురు యూదు వర్తకులతో పాటు తిమ్మన్న సోదరుడైన చిన్న వెంకటాద్రి మొదలగు ముగ్గురు దేశీయ వర్తకులకును స్థానము లభించెను. వజ్రము కొనువారును, ఆ నేల భాషను ఎరిగినవారును ఒకే సభలో కూర్చుండిన కాలమది.

ఆ పట్టణముననే చరిత్రలో మిక్కిలి ప్రసిద్ధమైన వజ్రపు బేరము జరిగెను. 1701 డిసెంబరులో జామ్‌చంద్ అను వజ్రవర్తకుడు గవర్నరు థామస్ పిట్ యొద్దకు సుమారు 410 కారెట్ల ముడిరాతిని తెచ్చెను. అది కృష్ణాతీరమున పరిటాల గనులలో పుట్టినదని ప్రసిద్ధి. వర్తకుడు అడిగిన వెల 2,00,000 వరహాలు. పిట్ 30,000కు మించి చెప్పలేదు. వర్తకుడు రాతిని కొన్నినాళ్ళు గవర్నరు వద్ద నుంచుటయు, మరల తీసికొనిపోవుటయు పలుమార్లు జరిగెను. తుదకు 1702లో 48,000 వరహాలకు బేరము తెగెను. వరహా ఎనిమిదిన్నర షిల్లింగుల లెక్కన ఆ మొత్తము 20,400 పౌనులు. రాయి లండనులో కోతకు సుమారు రెండేండ్లు పట్టెను. 5,000 పౌనులు వ్యయమయ్యెను. 410 కారెట్ల రాయి 140 కారెట్లకు తగ్గెను. 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి దానిని 1,35,000 పౌనులకు కొనెను. “రీజెంట్” అను పేర ఆ వజ్రము నేడు పారిస్ నగరమున లూవ్ర్ ప్రదర్శనశాల సొత్తు.

ఈ బేరము న్యాయమైనదా? పిట్ రాతిని బలవంతముగా లాగుకొన్నాడని లోకము చెప్పుకొనగా, అతడు 1710లో బేరము జరిగిన తీరును వివరించుచు ఒక వాఙ్మూలమును వ్రాసికొనవలసి వచ్చినది. అతని పక్షమున చెప్పవలసినది కొంత కలదు. ముడిరాతి లోపల పగులున్నదో, నీరు మంచిదో కాదో కోసిన తరువాత గాని తెలియదు. సొమ్ము పదునైదేండ్లు చిక్కుపడినది. అంతటి రాతిని కొనగలవారు ఐరోపాలో రాజులు మాత్రమే. వర్గసూత్రమును ముడిరాళ్ళకు 2 పౌనుల ఆధారధరతో అన్వయించిన 410 కారెట్లకు 3,36,200 పౌనులు రావలెను. కోసిన రాతికి సైతము ఆ ధర రాలేదు. దీనివలన సూత్రము పెద్దరాళ్ళయందు పనికిరాదని, కొనువారు లేనిదే అరుదుతనమునకు వెల లేదని స్పష్టమగుచున్నది.

అయినను ఇరుపక్షముల జ్ఞానము సమానము కాదు. లండను, పారిస్ నగరములలో వజ్రపు వెలలు పిట్ ఎరుగును. జామ్‌చంద్‌కు ఆ దారి లేదు. రాతిని తిరిగి కొనిపోగల స్వేచ్ఛ అతనికుండెను గాని, కొనిపోయి చూపుటకు అంతటి కొనుగోలుదారుడు వేరొకడు లేకపోయెను. ఇక భూమిని త్రవ్వినవాని మాట. టావెర్నియర్ కాలమున గనికూలికి ఏడాదికి ముట్టినది 3 వరహాలు. 48,000 వరహాలు అట్టి కూలివానికి 16,000 సంవత్సరముల జీతము. ఆ రాతిని ఒక బానిస కాలి గాయములో దాచి తెచ్చి, ఓడవాని చేత ప్రాణము కోల్పోయెనను కథ యొకటి ప్రచారమున కలదు. కథ నిజమైనను కాకున్నను, ఆ కూలి లెక్క మాత్రము నిజము. అంగడిలో తేలిన వెల న్యాయమైనదను మాటకు అర్థము అమ్మువాడు, కొనువాడు అను ఇద్దరికే పరిమితమైనదని ఈ అంకె గుర్తుచేయుచున్నది.

తరువాతి కాలమున ఆధారధర పలుమార్లు తలక్రిందులైనది. 1720 తరువాత బ్రెజిలులో వజ్రములు బయటపడగా ఐరోపాలో ధరలు తొణికినవి. అట్టి కాలమున, 1750లో, లండను నగల వర్తకుడు డేవిడ్ జెఫ్రీస్ వర్గసూత్రమును స్థిరపరచుచు ముడిరాతికి కారెట్టు 2 పౌనులు, కోసినదానికి 8 పౌనులు ఆధారముగా చూపెను. కోతలో సగము తూకము పోవునను లెక్కయే ఈ తేడాకు మూలము. 1867లో దక్షిణాఫ్రికాలో వజ్రములు దొరకిన పిమ్మట ఆ లెక్కయు చెల్లలేదు. ఆ దేశమున యాగర్స్‌ఫాంటీన్ గనినుండి వచ్చిన నీలిచాయ రాళ్ళు “బ్లూ జాగర్” అను పేర దక్షిణదేశపు అంగళ్ళలో ఘనత పొందినవి. కొల్లూరులో హీనమైన చాయ చెన్నపట్టణమున గొప్పదైనది. వెలలో కొంతభాగము రాతిలో కాక, కాలపు అభిరుచిలో నున్నదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

1950ల దశకమున అమెరికాలోని జెమాలజికల్ ఇన్‌స్టిట్యూట్ రంగు, నిర్మలత్వము మొదలగువానికి శ్రేణులను ఏర్పరచి యోగ్యతాపత్రముల నిచ్చుట ఆరంభించినది. 1955లో ప్రయోగశాలలో వజ్రమును సృజించిన వార్త వెలువడెను. అట్టి వజ్రములు నేడు నగలలో విరివిగా అమ్ముడగుచున్నవి. అవియు నిజమైన వజ్రములే. కంటికి తేడా తెలియదు. వెల మాత్రము గనివజ్రము కంటె ఎంతయో తక్కువ. కావున నేడు వజ్రపు టుంగరము కొనువాడు వేయవలసిన మొదటి ప్రశ్న “ఇది గనిలో పుట్టినదా, యంత్రమున పుట్టినదా” యనుటయే.

తక్కిన ప్రశ్నలు పాతవే. రాతి తూకము, బంగారపు తూకము, పనికూలి వేరువేరుగా వ్రాయించుకొనవలెను. ఉంగరము మొత్తమునకు ఒకే వెల చెప్పిన అది నడికట్టు క్రింది బేరమువంటిదే. 98 సెంట్ల రాయికిని నిండు కారెట్టు రాయికిని కంటికి భేదము లేకున్నను వెలలో మెట్టు కలదు. ఆ మెట్టునకు దిగువ కొనుట వివేకము. వెనుక మూసి రేకు పెట్టి కట్టిన రాతికి చాయను గాని, పగులును గాని నిర్ణయింప వలనుపడదు. యోగ్యతాపత్రము అమ్మువాని చేతిది కాక స్వతంత్ర పరీక్షాలయమునదై యుండవలెను. అదే శ్రేణి రాతిని రెండు మూడు చోట్ల అడిగి చూడవలెను. ఇదే రాతిని తిరిగి తెచ్చిన ఏమి ఇత్తురో కొనకముందే అడుగవలెను. ఆ రెండు వెలల నడుమ అంతరమే ఆ యంగడి నిజమైన ధర్మకాటా.

కొల్లూరు గ్రామము నేడు పులిచింతల జలాశయపు నీట మునిగియున్నది. కాని కర్నూలు, అనంతపురము సీమలలో తొలకరి కురిసిన పిమ్మట జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు ప్రాంతముల చేలలో వజ్రములకై వెదకువారు ఏటేట కనబడుచునే యున్నారు. రాయి దొరకిన రైతునకు త్రాసు లేదు, శ్రేణి తెలియదు, రెండవ కొనుగోలుదారుడు లేడు. నగరమున ఉంగరము కొను గృహస్థునకు కావలసిన జ్ఞానమే పొలమున రాయి దొరకిన రైతునకును కావలయును. తూకము, నీరు, దోషము, రెండవ అంగడి అను ఈ నాలుగింటిని ఎరుగనివానికి, అమ్మునప్పుడైనను కొనునప్పుడైనను, వెల నిర్ణయించువాడు ఎప్పుడును ఎదుటివాడే.