కళాశాల విద్యార్థుల దేహవ్యాయామ పరిశోధన: దాని చరిత్ర, అందు చెన్నపట్టణపు సంబంధము

చదువుకొను పిల్లవానికి సాము పనికిరాదనియు, సాము చేయువానికి చదువు అంటదనియు తెలుగువారిలో చిరకాలముగ నొక భావము పాతుకొనియున్నది. తాలింఖానా ఒక వీథిలో నుండెను, పాఠశాల మఱొక వీథిలో నుండెను. ఒకచోట పెరిగినవాడు రెండవచోట కాలు మోపుట అరుదు. ఈ భావము మనవారికి మాత్రమే ప్రత్యేకమైనది కాదు. పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున అమెరికా దేశపు కళాశాలలను నడపిన పెద్దలను ఇట్టి సందేహమే పీడించెను. పదునెనిమిదేండ్లకు కళాశాలలో చేరి నాలుగేండ్లు పుస్తకములపై వంగి కూర్చుండు యువకుని దేహమేమగుచున్నది? ఆ వయస్సున వ్యాయామము చేసినచో కలుగు మేలు ఎంతటిది, ఎంతకాలము నిలుచును? ఈ ప్రశ్నలకు కొలతలతో, లెక్కలతో సమాధానము వెదకిన చరిత్రకు 160 ఏండ్లకు పైబడిన వయస్సున్నది. అందొక తెలుగు శాస్త్రజ్ఞుని పేరు చెఱుపరానిదై నిలిచినది. తెలుగువారు తరతరములుగ స్థిరపడియున్న చెన్నపట్టణమునకును అందు కొంత పాలు కలదు.

మసాచుసెట్సు రాష్ట్రములోని ఆమ్హర్స్టు కళాశాలకు అధ్యక్షుడైన విలియం స్టెర్న్సు తన విద్యార్థుల ఆరోగ్యము చదువు ముగియకమునుపే చెడుచున్నదని చింతించి, 1860లో వ్యాయామశాలను కట్టించి, ఆరోగ్యమునకును వ్యాయామమునకును ఒక ఆచార్యపదవిని ఏర్పఱచెను. 1861లో ఆ పదవిని స్వీకరించిన డాక్టరు ఎడ్వర్డు హిచ్‌కాక్ 1911లో మరణించువఱకు, అనగా అర్ధశతాబ్దికాలము, ఆ కళాశాలనే అంటిపెట్టుకొనియుండెను. వారమునకు నాలుగు దినములు, దినమునకు అరగంటసేపు విద్యార్థులందఱును తేలికైన కొయ్య డంబెల్సును చేతబట్టి సంగీతమునకు అనుగుణముగ కసరత్తు చేయవలెను. ఇది యిచ్ఛ వచ్చినవారికి మాత్రమే కాదు, అందఱికిని విధి. హిచ్‌కాక్ వారి యెత్తు, బరువు, ఱొమ్ము చుట్టుకొలత, భుజముల కొలత, ఊపిరితిత్తుల పరిమాణము, చేతుల బలము ఏటేట కొలిచి వ్రాసి పెట్టెను. ఆయన మల్లురను తయారుచేయ తలపెట్టలేదు. ప్రతి విద్యార్థిని నిరుటి వానితోనే పోల్చి చూచెను. ఈ దృష్టి యెంత గొప్పదో గ్రహించుటకు లోకమునకు చాలకాలము పట్టినది. నేటికిని పెక్కు కళాశాలల వ్యాయామ శాఖలు తమ గొప్పను అద్దాల బీరువాలోని వెండి గిన్నెలను బట్టియే లెక్కించుకొనుచున్నవి గదా!

హార్వర్డు విశ్వవిద్యాలయమున 1879 మొదలు 1919 వఱకు వ్యాయామశాలను నిర్వహించిన డడ్లీ సార్జెంటు ఈ కొలతల పనిని మఱింత విస్తరింపజేసెను. ఆయన ప్రతి విద్యార్థిని పరీక్షించి, వాని లోపములను గుర్తించి, వానికి తగిన కసరత్తును విడిగ వ్రాసి యిచ్చెడివాడు. వైద్యుడు మందుచీటి వ్రాసినట్లే యిదియును. వేలకొలది కొలతల సగటును బట్టి విద్యార్థికిని విద్యార్థినికిని రెండు ప్రతిమలను చేయించి, 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనమున నిలిపిరి. సగటును ఆదర్శముగ నిలుపుట యుక్తమా అను ప్రశ్న అప్పుడే పుట్టవలసియుండెను. సగటు మనిషి లెక్కలో ఉండును గాని తరగతిలో ఉండడు.

ఈ కాలముననే స్త్రీవిద్యపై నొక గట్టి దెబ్బ పడెను. హార్వర్డులో వైద్యాచార్యుడుగ నుండిన ఎడ్వర్డు క్లార్కు 1873లో ఒక గ్రంథము ప్రకటించి, బాలురతో సమానముగ ఉన్నతవిద్య నభ్యసించు బాలికల దేహములు శాశ్వతముగ చెడిపోవునని వాదించెను. ఆయన చూపిన ఆధారము కొలదిమంది రోగుల కథలు మాత్రమే. అయినను వైద్యుని మాట గనుక తల్లిదండ్రులు జంకిరి. దీనికి పట్టభద్రులైన స్త్రీలు కోపముతో గాక లెక్కతో బదులు చెప్పిరి. వారి సంఘము పట్టభద్రులకు ప్రశ్నావళులు పంపి, 700 మందికి పైగా ఇచ్చిన సమాధానములను క్రోడీకరించి, 1885లో ప్రకటించెను. వారిలో మూడువంతులకు పైగా మంచి ఆరోగ్యముతో నుండిరని తేలినది. కళాశాల వయస్సువారి ఆరోగ్యమును గూర్చిన పరిశోధనలలో ఒక సామాజిక హక్కును నిలువబెట్టిన తొలి పరిశోధనలలో ఇది యొకటి. మన దేశపు స్త్రీవిద్యా చరిత్రను వ్రాయువారును దీనిని గమనింపదగును.

ఇంగ్లాండున మఱొక తీరు భయము వ్యాపించియుండెను. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయముల పడవపందెములలో తెడ్డు వేసిన యువకుల గుండెలు శ్రమచే దెబ్బతిని, వారు అల్పాయుష్కులగుదురని పలువురు నమ్మిరి. వైద్యుడైన జాన్ మోర్గన్ 1829 మొదలు 1869 వఱకు ఆ పందెములలో పాల్గొన్న 294 మంది జీవితములను విచారించి, 1873లో తన ఫలితములను వెల్లడించెను. జీవితబీమా పట్టికలనుబట్టి వారికి రాదగిన ఆయుష్షు కంటె వారు సుమారు రెండేండ్లు అధికముగనే జీవించుచున్నారని ఆయన కనుగొనెను. భయము తీరినది. కాని ఆ పోలికలో నొక దోషమున్నది. ఆక్స్‌ఫర్డులో చదివినవాడు కలవారి బిడ్డ. మంచి తిండి, మంచి యిల్లు, మంచి వైద్యము వానికి పుట్టుకతోనే అమరును. వానిని సామాన్యజనముతో పోల్చి, అధికముగ బ్రదికినది తెడ్డు వేయుటచేతనే అనుట యెట్లు? 1954లో అలన్ రూక్ అను వైద్యుడు ఈ దోషమును దిద్ది, కేంబ్రిడ్జి క్రీడాకారులను అదే విశ్వవిద్యాలయపు పండితులతోను, ఇతర విద్యార్థులతోను పోల్చి చూచెను. ఆయుష్షులో చెప్పదగిన భేదము కనబడలేదు. క్రీడాకారుడు అల్పాయుష్కుడు కాడు సరియే, అట్లని దీర్ఘాయువును వెంట దెచ్చుకొన్నవాడును కాడు. అట్లయిన కళాశాలలో చేసిన వ్యాయామము ఏమైపోయినది? ఈ ప్రశ్న మఱి రెండు దశాబ్దులు అట్లే నిలిచియుండెను.

ఈలోపల పరిశోధన కథ చెన్నపట్టణమును తాకినది. మసాచుసెట్సులోని స్ప్రింగ్‌ఫీల్డు వై.ఎం.సి.ఎ. కళాశాలలో శిక్షణ పొందిన హారీ క్రో బక్ 1920లో చెన్నపట్టణమున వ్యాయామ విద్యాకళాశాలను స్థాపించెను. ఇదియే తరువాత సైదాపేట సమీపమునకు మాఱినది. బాస్కెట్‌బాలు ఆట 1891లో పుట్టినది ఆ స్ప్రింగ్‌ఫీల్డులోనే. ఉమ్మడి మద్రాసు రాష్ట్రమున తెలుగు జిల్లాలును చేరియుండుటచే, ఇచట శిక్షణ పొందినవారు తెలుగునాటి ఉన్నత పాఠశాలలకును వ్యాయామోపాధ్యాయులై వెళ్లిరి. బక్ పాశ్చాత్య క్రీడలతోపాటు దండీలు, బస్కీలు మున్నగు దేశీయ వ్యాయామములకును శిక్షణలో చోటిచ్చెను. 1924లో పారిస్ ఒలింపిక్ క్రీడలకు వెళ్లిన భారతజట్టును నడపినవాడును ఆయనయే. అయినను ఆయన చూపు ప్రధానముగ సామాన్య విద్యార్థిపై నుండెను. అంతకుముందు తరమున, వీరఘట్టమున జనించి, సైదాపేటలో వ్యాయామోపాధ్యాయ శిక్షణ పొంది, సర్కసు ప్రదర్శనలతో దేశమంతటిని అబ్బురపఱచి, 1942లో ఒడిశాలోని బలాంగీరున కీర్తిశేషులైన కోడి రామమూర్తినాయుడుగారు ఒక్క దేహము ఎంతటి బలమును సాధింపగలదో చూపిరి. తరగతిలోని నలుబదిమంది దేహములు ఎట్లు బాగుపడుననునది వేఱు ప్రశ్న. బక్ కళాశాల పట్టుకొన్నది దానిని.

బక్ మసాచుసెట్సునుండి చెన్నపట్టణమునకు రాగా, కొలదియేండ్లకే చెన్నపట్టణమునుండి మసాచుసెట్సునకు ఒక తెలుగువారు ప్రయాణము కట్టిరి. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసు వైద్యకళాశాలలో చదివి, ఆ నగరముననే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో బోధించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో బోస్టను చేరిరి. హార్వర్డు వైద్యపాఠశాలలో సైరస్ ఫిస్కెతో కూడి, రక్తములోను కండరములోను ఉండు భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. కలిపిన ద్రవము నీలిరంగు తిరుగును, ఆ రంగు ఎంత గాఢమైనదో చూచి భాస్వరపు పాళ్లు చెప్పవచ్చును. కండరపు రసమును ఈ విధముగ పరీక్షించినపుడు రంగు తక్షణమే రాక మెల్లమెల్లగ ముదురుచుండెను. మఱొకరైనచో పద్ధతిలో లోపమని విడిచియుందురు. వీరు విడువలేదు. సులభముగ విడిపోవు భాస్వర పదార్థమేదో అందున్నదని గ్రహించి, 1927లో ఫాస్ఫోక్రియేటిను అను దానిని వెల్లడించిరి. ఇంగ్లాండున ఎగిల్‌టన్ దంపతులును ఆ యేడే అట్టి పదార్థమును విడిగ కనుగొనిరి. కండరము పనిచేయునపుడు అది తఱుగును, విశ్రాంతిలో మరల కూడును. అంతవఱకు కండరశ్రమకు లాక్టికామ్లమే మూలమను మతము ప్రబలియుండెను. 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానము ఆ మార్గమున పనిచేసిన హిల్, మెయెర్హాఫులకు లభించియుండెను. సుబ్బారావుగారి పరిశోధన ఆ మతమును కదలించివేసినది. 1929లో ఎ.టి.పి. అను మఱొక భాస్వర పదార్థమును జర్మనీలో లోమన్‌యు, బోస్టనులో ఫిస్కె, సుబ్బారావుగారలును వేఱువేఱుగ కనుగొనిరి. నేడు వ్యాయామశాస్త్ర పాఠ్యగ్రంథములన్నియు దాదాపుగ ఈ రెండు పదార్థములతోనే మొదలగును. ఆ పుటలను చదువు తెలుగు విద్యార్థులలో ఎందఱికి ఆ పేరు చెప్పబడుచున్నదో!

అదే 1927లో హార్వర్డు విశ్వవిద్యాలయమే అలసటను గూర్చి పరిశోధించుటకు ప్రత్యేకముగ నొక ప్రయోగశాలను తెఱచెను. డేవిడ్ డిల్ నాయకత్వమున అది 1947 వఱకు నడచినది. దానినుండి వెలువడిన వానిలో అతిసామాన్య సాధనముతో జరుగునది 1943 నాటి ‘మెట్టు పరీక్ష’. దీనికి కావలసినది 20 అంగుళముల యెత్తుగల పీట, ఒక గడియారము. విద్యార్థి నిమిషమునకు 30 సార్లు చొప్పున దానిపైకెక్కి దిగవలెను, ఓర్చినచో ఐదు నిమిషములు. ఆపి కూర్చున్న పిదప ఒకటవ, రెండవ, మూడవ నిమిషములు ముగిసిన వెంటనే అరనిమిషము చొప్పున నాడిని లెక్కింపవలెను. చేసిన సెకండ్లను 100తో హెచ్చించి, మూడు నాడీసంఖ్యల మొత్తమునకు రెట్టింపుతో భాగింపవలెను. ఐదు నిమిషములు పూర్తిచేసినవాని నాడులు 80, 65, 55 అయినచో ఫలము 75, అనగా మధ్యమము. 90 దాటిన ఉత్తమము, 55 చేరనిది హీనము. ఎంత వేగముగ పరుగెత్తెననునది ఇందు లెక్కకు రాదు, గుండె యెంత త్వరగ తన స్థితికి వచ్చెననునదియే ప్రధానము. పొట్టివారికిని స్త్రీలకును పీట యెత్తు తగ్గించుట అనంతరము వాడుకలోనికి వచ్చెను. హార్వర్డు యువకుని కాలి పొడవును బట్టి చేసిన పీటపై మనదేశపు విద్యార్థిని నిలబెట్టి హీనుడని తేల్చుట అన్యాయము. ధనము లేని కళాశాలలో సైతము ఒక కొయ్యపీటతో శాస్త్రీయ పరిశీలన సాధ్యమగుట ఈ పరీక్షయొక్క మేలు.

1954లో నిలిచిపోయిన ప్రశ్నకు రాల్ఫ్ పాఫెన్‌బార్గరు సమాధానము చెప్పెను. 1916 మొదలు 1950 వఱకు హార్వర్డులో ప్రవేశించిన పూర్వవిద్యార్థులలో 16,936 మంది అలవాట్లను విచారించి, వారిలో ఎవరికి గుండెపోటు వచ్చెనో గమనించి, 1978లో ఫలితము ప్రకటించెను. వారమునకు 2,000 కేలరీల కంటె తక్కువ శ్రమ చేయువారికి, అధికముగ చేయువారికంటె గుండెపోటు ప్రమాదము 64 శాతము హెచ్చుగ నుండెను. కళాశాలనాటి క్రీడావీరుడు తరువాత ఆట మానినచో ఆ కీర్తి వానికి ఏ విధమైన రక్షణయు నీయలేదు. నాడు జట్టులో చోటు దొరకని సామాన్యుడు నడివయస్సున వ్యాయామము సాగించినచో వాని గుండె పదిలముగ నుండెను. వ్యాయామకాలమున జట్టు పదకొండుగురిని ఆడించి తక్కినవారిని గట్టున కూర్చుండబెట్టు పాఠశాలలకు ఇంతకంటె స్పష్టమైన అభ్యంతరము ఉండబోదు. 2022 నాటికి భారతదేశపు వయోజనులలో దాదాపు సగముమందికి చాలినంత శారీరక శ్రమ లేదని 2024లో ప్రకటితమైన అంతర్జాతీయ పరిశోధన చెప్పుచున్నది. గట్టున కూర్చున్నవారు పెరిగి పెద్దవారైన లెక్క యిది.

ఇక టెక్సాసు రాష్ట్రపు డాలసు నగరమున జరిగిన ప్రయోగము మిగిలినది. 1966లో ఇరువదేండ్ల వయస్సుగల ఐదుగురు ఆరోగ్యవంతులైన యువకులను మూడు వారములు మంచము దిగనీయక పరుండబెట్టిరి. ఊపిరితో గ్రహించిన ప్రాణవాయువును దేహము వినియోగించుకొను శక్తి ఆ మూడు వారములలో నాలుగవవంతునకు పైగ తఱిగిపోయెను. పిదప ఎనిమిది వారముల శిక్షణతో అది తిరిగి వచ్చుటయే గాక, చలనము లేని యువకులలో మునుపటికంటెను హెచ్చెను. ముప్పదేండ్ల తరువాత, 1996లో, ఆ ఐదుగురినే మరల రప్పించిరి. వారి సగటు బరువు 77 కిలోగ్రాములనుండి 100కు పెరిగియుండెను, కొవ్వు రెట్టింపైయుండెను. అయినను ఇరువదవ యేట మూడు వారముల మంచము చేసిన చెఱుపు, ముప్పదేండ్ల వయస్సు చేసిన చెఱుపుకంటె పెద్దదిగనే తేలినది. వారిచే ఆరు నెలలపాటు నడక, మెల్లని పరుగు, సైకిలు తొక్కుట క్రమముగ చేయించిరి. వయస్సుతో తఱిగిన ఆ శక్తి వారి ఇరువదేండ్ల నాటి తొలి మట్టమునకు తిరిగి చేరెను. అందు గుండె బలము పెరుగుటకంటె, కండరములు రక్తమునుండి ప్రాణవాయువును హెచ్చుగ గ్రహింప నేర్చుటయే ముఖ్యకారణమని పరిశోధకులు వ్రాసిరి.